ఫ్యాన్ ఎంత తిరుగుతోందో చెప్పడానికి ఇంత రాద్ధాంతమా?
రోహిణి కార్తె. సత్యనారాయణపురంలో మేడ మీద గది. రోళ్లు పగిలే ఎండలో కంప్యూటర్ ఫ్యాన్ హోరెత్తిపోతోంది. లోపల వేడెంతో చూద్దామని లినక్స్‌లో ఎల్ఎం-సెన్సార్స్ అని, వేడీ ఫ్యాన్ వేగమూ చూపించే ప్రోగ్రామ్ వేశాను. అదీ నేను చేసిన పాపం.

ఏ సెన్సార్లున్నాయో వెతకమని సెన్సార్స్-డిటెక్ట్ అని కొడితే పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా ప్రశ్న మీద ప్రశ్న. అన్నిటికీ ఎంటర్ కొట్టాను. చివరికి పలికింది ప్రాసెసర్ వేడి చెప్పే కోర్‌టెంప్ డ్రైవర్ ఒక్కటే. ప్రాసెసర్ 78 డిగ్రీలట. సరే, మరి ఫ్యాన్ సంగతి? ఉలుకూ పలుకూ లేదు. ఆ లెక్క చెప్పాల్సింది బోర్డు మీదున్న సూపర్ ఐఓ చిప్. దాని డ్రైవర్‌ను మోడ్‌ప్రోబ్ అనే కమాండ్‌తో పిలిస్తే, ఆ చిప్‌తో మాట్లాడే పోర్టుల మీద ఏసీపీఐ (బయోస్ తరఫున కరెంటు, వేడి వ్యవహారాలు చూసే పెత్తందారు) ముందే కర్చీఫ్ వేసేసిందట, రానంది. ఇదేమన్నా గుంటూరు బస్సులో సీటా? లినక్స్‌ను నిద్రలేపే గ్రబ్‌లో, చూసీచూడనట్టు పొమ్మని ఏసీపీఐ_ఎన్‌ఫోర్స్_రిసోర్సెస్=ల్యాక్స్ అని చేర్చి రీబూట్ చేస్తే అప్పుడు దిగొచ్చింది. డ్రైవరూ ఏసీపీఐ రెండూ ఒకేసారి చిప్‌ను ముట్టుకుంటే గొడవేనట. ముట్టుకోనీ, నాకు ఓపిక అయిపోయింది.

ఇప్పుడు కొత్తగా ఒక వరసలో 127 డిగ్రీలు. ఎంత బెజవాడ ఎండైనా 127 ఏంటండీ! చూస్తే చిప్‌లో ఆ పిన్నుకు అసలు సెన్సారే తగిలించలేదు. లేనిదానికి లెక్కెందుకు చెప్పాలి?

ఇంతలో అమ్మ పైకొచ్చి డబ్బా మీద చెయ్యి వేసి, "కాలిపోతోందిరా, ఆపెయ్" అంది.