మోకాలి నొప్పి అనుకున్నాం, చిక్కుకున్నది పేగు

మలక్‌పేటలో ఉండే మా పెద్దమ్మ మూడు వారాలు కుడి మోకాలికి ఆయింట్‌మెంట్ రాసుకుంది. ఎక్స్‌రే తీసి అరుగుదల అన్నారు. మధ్యమధ్యలో కడుపు పట్టేస్తే గ్యాస్ బిళ్ల వేసుకునేది. నాలుగో వారం పచ్చటి వాంతులు మొదలయ్యాయి, కడుపు ఉబ్బింది, గాలి కూడా పోవడం లేదు. నగరంలోని ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపేశారు. మర్నాడు ఇంకోచోట సీటీ స్కాన్ తీస్తే తేలింది, కటి ఎముక సందులో చిన్నపేగు ఇరుక్కుందని. ఆబ్ట్యురేటర్ హెర్నియా.

అరుదైనదే, ఒప్పుకుంటాను. కానీ ఎక్కువగా ఎవరికి వస్తుందో తెలిసిన జబ్బే. బక్కచిక్కిన ముసలి ఆడవాళ్లకు. ఆ సందును నింపే కొవ్వు కరిగిపోతే పేగు అందులోకి జారుతుంది. అక్కడి నరం నలిగి నొప్పి తొడ లోపలి వైపు నుంచి మోకాలి దాకా పాకుతుంది. పైకి గడ్డ కనిపించదు. కాలు వెనక్కి చాపి లోపలికి తిప్పితే ఆ నొప్పి పెరుగుతుందేమో చూడాలని సర్జరీ పుస్తకాల్లో ఉంది. చూడటానికి నిమిషం చాలు.

పేగు అడ్డంకులు ఎక్కువగా పాత ఆపరేషన్ల తర్వాత కడుపులో పేగులు అతుక్కుపోవడం వల్లే వస్తాయి, ముక్కులో ట్యూబు వేసి సెలైన్ ఎక్కిస్తే చాలామందికి సర్దుకుంటాయి, అందరికీ స్కాన్ ఎందుకని కొందరు సర్జన్లు అంటారు. ఆ ఓపిక పేగుకు రక్తం అందుతోందని తేలాకే పనికొస్తుంది.

కడుపు మీద కోత మచ్చే లేని మనిషికి పేగు అడ్డుపడితే మాత్రం "పొద్దున దాకా చూద్దాం" అనే మాట వినిపించకూడదు. పిత్తాశయం నుంచి పేగులోకి దిగిన రాయి కావచ్చు. చిన్నపేగుకు పుట్టుకతోనే ఉండే చిన్న సంచి, మెకెల్స్ తిత్తి కావచ్చు. మన దగ్గర పేగు టీబీ అరుదేమీ కాదు. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. రాయిని తీయాలి, టీబీకి నెలల తరబడి మందులు వాడాలి, సందులో చిక్కిన పేగును విడిపించి ఆ సందు మూసేయాలి. కారణం తెలియకుండా ఇచ్చే ఇంజెక్షన్ నొప్పిని కాసేపు కప్పిపెడుతుందంతే.

స్కాన్ కంటే ముందు జరగాల్సింది ఇంకొకటుంది. గజ్జలు చూడటం, కాలు అలా తిప్పి చూడటం. చూపించమనడానికి కుర్ర డాక్టరుకు మొహమాటం, చూపించడానికి ఆమెకు సిగ్గు, పక్కనే కొడుకు, అల్లుడు, అవతలి మంచం మీద ఎవరో మగమనిషి. ఎమర్జెన్సీలో ప్రతి మంచానికీ ఒక కర్టెన్, పక్కన ఒక నర్సు ఉంటే ఆ పరీక్ష జరుగుతుంది. కోట్లు పోసి మెషీన్లు కొనే ఆసుపత్రులు కర్టెన్ దగ్గర ఎందుకు వెనకాడుతున్నాయి? ఆడవాళ్ల జబ్బులు ఆలస్యంగా బయటపడటానికి వాళ్ల బిడియమే కారణమని ఇంకెన్నాళ్లు చెబుతారు?

పెద్దమ్మకు మూరెడు పేగు తీసేశారు. మొదటి ఆసుపత్రి చీటీ నా దగ్గరే ఉంది. అందులో బీపీ ఉంది, షుగర్ ఉంది. గజ్జలు చూసినట్టు ఒక్క ముక్క లేదు.