నాన్నగారి ఛాతీలో గడ్డ: కత్తి కన్నా సూది ముందు

మొత్తం రొమ్ము క్యాన్సర్లలో మగవాళ్లవి నూటికి ఒకటి. అంత అరుదు కాబట్టే ‘కొవ్వు గడ్డేలే’ అని చిన్న కోతతో తీసేయడం మనవైపు ఇంకా అక్కడక్కడా జరుగుతోంది. తీసిన ముక్క ల్యాబుకు వెళ్లిందా అని అడిగే నాథుడుండడు. విదేశాల్లో ఉన్న మనం ఇక్కణ్ణుంచి ఫోన్లో నాన్నగారి బీపీ, షుగరు అడుగుతాం. ఛాతీ మాట ఆయన ఎత్తరు, మనమూ ఎత్తం.

నిజానికి ఎక్కువ గడ్డలు గైనకోమాస్టియావే, అంటే మగవాళ్లలో రొమ్ము కణజాలం పెరగడం, క్యాన్సర్ కాదు. చనుమొన వెనకే, గుండ్రంగా, రబ్బరులా ఉంటుంది, తాకితే సలుపుతుంది. గుండెకో లివరుకో ఇచ్చే స్పైరనోలాక్టోన్, ప్రోస్టేటుకిచ్చే ఫినాస్టెరైడ్ దీనికి కారణం కావచ్చు. అందుకే వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ డాక్టరు ముందు పెట్టాలి. క్యాన్సర్ గడ్డ చాలాసార్లు మొనకు కాస్త పక్కగా, రాయిలా, నొప్పి లేకుండా ఉంటుంది. మొన లోపలికి లాక్కోవడం, బనియను మీద రక్తపు మరక, చంకలో బిళ్ళ కట్టడం కూడా చూడాలి. ‘నొప్పి లేదుగా’ అన్న ధైర్యమే కొంప ముంచుతుంది.

డాక్టరు రెండు వైపులా, రెండు చంకలూ చూశాక నాన్నగారి వయసువారికి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), చంకతో కలిపి అల్ట్రాసౌండ్. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో స్కానింగ్ సెంటర్లకు కొదవ లేదు. ‘మగాళ్లకు మామోగ్రామేంటి’ అంటే వినకండి, మిషను అదే.

అనుమానం ఉంటే ఎఫ్ఎన్ఏసీతో (సన్న సూదితో కణాలు లాగి చూసే పరీక్ష) సరిపెట్టుకోవద్దన్నది మా గట్టి అభిప్రాయం. అందులో విడి కణాలే వస్తాయి. జబ్బు రొమ్ములోని నాళం గోడ దాటి చుట్టూ పాకిందో లేదో వాటిలో తేలదు. మత్తు సూది వేసి, స్కానులో చూస్తూ, సాధారణంగా 14 గేజ్ కోర్ సూదితో (కాస్త లావు సూది) ముక్కలు తీయాలి, ఇదే బయాప్సీ. ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (ఒక ప్రొటీన్) పరీక్షలు వాటిపైనే చేస్తారు. మగవారి క్యాన్సర్లలో దాదాపు 90 శాతం ఈఆర్ పాజిటివ్, హార్మోన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్ర పనికొస్తుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది.

ఆ ముక్కలున్న సీసా ల్యాబుకు మోసేది చాలాసార్లు మనవాళ్లే. అందులో సెలైన్ కాదు, ముక్క పాడవకుండా ఉంచే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ ద్రవం ఉండాలి. పేరు, కుడో ఎడమో, తీసిన టైము రాయించండి. ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఉండాలి. లేకుంటే ఈఆర్ తప్పుగా నెగటివ్ రావచ్చు. స్కాను భయపెడుతుంటే, బయాప్సీ ‘ఏం లేద’ంటే, మళ్లీ తీయించాల్సిందే.

క్యాన్సరని తేలితే బీఆర్‌సీఏ పరీక్ష (వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం కోసం) అడగండి. బీఆర్‌సీఏ2లో లోపం కనబడితే కొడుకులకైనా కూతుళ్లకైనా అది వచ్చే అవకాశం సగానికి సగం. ఆ రిపోర్టు కాపీ తెప్పించుకుని ఇక్కడి మీ డాక్టరుకు చూపించండి.