పది పిల్లలు పెడితే జాతి నిలిచినట్టేనా?

మూడు రోజుల్లో నలుగురు మిత్రులు ఒకే సందేశం పంపించారు. ఒంటినిండా మచ్చలు, గుండ్రటి పెద్ద చెవులు ఉన్న ఆఫ్రికా అడవికుక్కల ఫొటో, దాని కింద ఆరోపణలు. ఇవి మనుషులు వదిలేసిన ఊరకుక్కల సంతతి అట. వేటను బతికుండగానే తింటాయట. పశువులను మిగలనివ్వవట. ఒక్కో ఈతలో పది పిల్లలు పెడతాయి గనుక ఎన్నింటిని చంపినా నష్టం లేదట.

ఊరకుక్కల సంతతి కాదు. వీటి ప్రజాతి లైకాన్, పూర్తిగా వేరు. ఊరకుక్క ముందుకాలికి ఐదు వేళ్లుంటే వీటికి నాలుగే. మన నల్లమల రేచుకుక్కలకు కూడా ఇవి దూరపు చుట్టాలే.

బతికుండగానే చీల్చి తింటాయన్నది నిజం. ఆ వీడియో నేను చివరిదాకా చూడలేకపోయాను. అయితే అదే గుంపు తిరిగొచ్చి, మింగిన మాంసాన్ని కక్కి పిల్లలకూ, గాయపడి వేటకు రాలేని తోటికుక్కకూ పెడుతుంది. ఆ సంగతి ఎందుకు రాయలేదు?

మేకలు, గొర్రెలు పోగొట్టుకున్న కాపరి కోపం కూడా న్యాయమైనదే. కానీ కెన్యాలోని లైకిపియాలో పరిశోధకులు గమనించినదేమిటంటే, అడవిలో జింకలు మిగిలివున్న చోట ఇవి మందల జోలికి రావడం అరుదు.

నాకు ఒళ్లు మండించింది చివరి మాట. పది పిల్లలు పుడతాయి, సరే. గుంపులో సాధారణంగా ఈనేది ఒక్క ఆడదే. మిగిలినవన్నీ వేటాడి తెచ్చి పెడితేనే, కాపలా కాస్తేనే ఆ పిల్లలు బతుకుతాయి. జింకల కోసం పన్నిన ఉచ్చులో నాలుగు పెద్దకుక్కలు పడితే ఆ పిల్లలకు తిండి ఎవరు తెస్తారు? సింహాలు పిల్లల్ని చంపుతాయి, రోడ్ల మీద వాహనాలు తొక్కేస్తాయి. ఊరకుక్కల నుంచి రేబిస్, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకితే గుంపుకు గుంపే పోతుంది. 1991 నాటికి టాంజానియాలోని సెరెంగెటి మైదానాల్లో పరిశోధకులు గమనిస్తూ వచ్చిన గుంపులన్నీ కనుమరుగయ్యాయి. వాటిలో కొన్నింటికి రేబిస్ సోకినట్టు రుజువైంది. పదేసి పిల్లలు అక్కడా పుట్టాయి కదా, ఏం కాపాడాయి? అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2012 నాటి అంచనాలో ఆఫ్రికా ఖండమంతటా కలిపి పెద్దవి 6,600, వాటిలో సంతానం కనేవి 1,400.

మొజాంబిక్‌లోని గొరొంగోసా జాతీయ పార్కులో 2018 వరకు ఇవి దశాబ్దాలుగా లేవు. ఆ ఏడాది దక్షిణాఫ్రికా నుంచి 14 కుక్కలను విమానంలో తెచ్చి అక్కడ విడిచారు. ఎన్నింటిని చంపినా నష్టం లేకపోతే, పద్నాలుగింటి కోసం ఇంత అవస్థ ఎందుకు పడ్డారో ఈ సందేశం మళ్లీ పంపబోయే మిత్రుడు చెప్పాలి.