కెపాసిటర్ల సంగతి కూడా రాయాల్సింది

‘పాత మోటారును వాగు నీటితో తిప్పితే చాలు, కరెంటు వస్తుంది’ అని మీ వ్యాసంలో రాశారు. అది సగం మాటే. బెంగళూరు పీణ్యలో మోటార్ల వైండింగ్ పని చేస్తాను. కెపాసిటర్లు (లోపల అయస్కాంతత్వం నిలబడటానికి కావాల్సిన కరెంటును ఇచ్చేవి) కట్టకుండా ఇండక్షన్ మోటారును, అంటే పంపులకు వాడే మామూలు ఏసీ మోటారును, ఎంత తిప్పినా మీటరు ముల్లు కదిలీ కదలనట్టే ఉంటుంది. నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) మోటారైతే నిమిషానికి 1500 చుట్ల కన్నా కాస్త ఎక్కువ తిరిగితేనే మన ఇళ్లకు వచ్చే లాంటి 50 హెర్ట్జ్ కరెంటు. ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే రోటరులో (లోపల తిరిగే భాగంలో) మిగిలిన అయస్కాంతత్వం పోవచ్చు. ఆగి ఉన్నప్పుడు 12 వోల్టుల బ్యాటరీని వైండింగుకు ఒక్క క్షణం తాకిస్తే మళ్లీ అందుకుంటుంది.

లోడు, అంటే తగిలించిన బల్బుల్లాంటి వాటి వాడకం, మరీ ఎక్కువైతే వోల్టేజి కూలిపోతుంది, అంతే. నాకు భయమల్లా లోడు ఒక్కసారిగా తీసేసినప్పుడే. వేగం, వోల్టేజి రెండూ ఎగబాకి బల్బులు, కెపాసిటర్లు పోతాయి. దయచేసి వాడకం తగ్గినప్పుడు మిగులు కరెంటును పక్కకు మళ్లించే లోడ్ కంట్రోలర్ గురించి కూడా రాయండి. కొండ ఊళ్లలో ఇది చదివి బిగించేవాళ్లుంటారండీ.