బ్రూట్ గారికి చిత్తూరు నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ బ్రూట్ (తీపి తక్కువైన బుడగల వైన్) గారికి,

గృహప్రవేశం మర్నాడు మిద్దె మీద గుట్టుగా జరిగే విందులకు తమరు వేంచేయడం మొదలైన దగ్గరి నుంచి మా ఊళ్లో మర్యాద పెరిగింది, తిండి తగ్గింది. తమరితో ఇవే తినాలని ఎవరో ఒక చీటీ పంపిస్తారు: పచ్చి ఆల్చిప్పలు, కేవియరు అనే చేపగుడ్లు, బ్రీ చీజు. సముద్రం చూడాలంటే చెన్నై దాకా పోయే ఊరండీ మాది. ఆల్చిప్పలు ఎక్కడి నుంచి తెమ్మంటారు?

తమరి రుచి సంగతి చెబుతాను. తొలి గుక్కకు మూతి ముడుచుకుపోతుంది. పచ్చి ఆపిలు పులుపు, నిమ్మతొక్క చేదు, వాటి వెనకే కాల్చిన రొట్టె వాసన. ఆ వాసన ఎక్కడిదో తెలిశాక తమరి మీద కాస్త గౌరవం కలిగింది. తమరి వంశంలో పాత సంప్రదాయం పాటించేవారు సీసాలోనే రెండోసారి పులిసి, చచ్చిన ఈస్టు మడ్డితో కాపురం చేస్తారట. ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంలో పుట్టినవారికైతే మడ్డితో కనీసం 12 నెలలు, మొత్తం మీద సీసాలో కనీసం 15 నెలలు గడపాలని నియమం. ఇటలీ తమ్ముడు ప్రొసెక్కోకు అంత ఓపిక లేదు, ఎక్కువగా స్టీలు తొట్టిలోనే పులిసి వచ్చేస్తాడు. అందుకే ఆయన దగ్గర పండ్ల వాసనే తప్ప రొట్టె వాసన పెద్దగా ఉండదు.

తమరిలో చక్కెర లీటరుకు 12 గ్రాముల లోపే. ‘ఎక్స్‌ట్రా డ్రై’ (అంటే తీపి మరీ తక్కువని) గొప్పగా రాసుకు తిరిగే తమరి బంధువుకు మాత్రం 12 నుంచి 17 గ్రాములు. ఈ లెక్కలు కట్టినవారిని మా బెల్లం మండీలో గుమాస్తాగా పెట్టుకోరు. అయినా తమరి వంశానికి ఈ వైరాగ్యం పుట్టుకతో వచ్చిందేమీ కాదు. 1874 పంటతో పొమ్మరీ అనే షాంపేన్ కంపెనీ వారు ఇంగ్లండు గిరాకీ కోసం చక్కెర తగ్గించేదాకా మీ పెద్దలు బాగా తియ్యనివారే.

ఇక అసలు ఫిర్యాదు. తమరిని తెచ్చి కేకు పక్కన కూర్చోబెడతారు, తోతాపురి ముక్కల పక్కన కూర్చోబెడతారు. తీపి తిన్న నాలుక మీద తమరిలో ఉన్న ఆ కాస్త తీపీ అణిగిపోయి ఒట్టి పులుపు మిగులుతుంది. నాటుకోడి పులుసుతో అయితే ఇంకా అన్యాయం. తమరి బుడగలు, ఆ 12 శాతం మద్యం కలిసి మిరపకాయను ఎగదోస్తాయి. రాగి సంకటి మాత్రం ఎంతమందిని ఓదార్చగలదు?

తమరికి అసలైన వియ్యం మా నూనె బాణలితో ఉంది. కారం తగ్గించిన అలసంద వడ, నిప్పట్లు, మురుకులు, ఉప్పేసి వేయించిన వేరుశనగ గింజలు. నూనె నాలుక మీద పరిచిన పొరను తమరి పులుపు కోస్తుంది, బుడగలు ఊడ్చేస్తాయి. వడలోని ఉప్పు తమరి పులుపును మెత్తబరుస్తుంది. రెండో వడ మళ్లీ మొదటి వడలాగే ఉంటుంది, ఐదోది కూడా. మిరపకాయ బజ్జీ తిని గోలీ సోడా కొట్టించుకునే మనిషికి ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కర్లేదు. చీటీ రాసిన పెద్దమనిషి బాణలి వైపు ఒక్కసారి తొంగి చూసి ఉంటే మాకు చీజు ఖర్చు తప్పేది. (ఆ బ్రీ చీజును మా పెద్దమ్మ చెడిపోయిన జున్నని పారబోసింది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు.)

తమరు 6 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో ఉండాలంటారు. మా మే నెల 40 దాటుతుంది. కాబట్టి ఐసు పెట్టె మాది, తొందరగా తాగే బాధ్యతా మాదే.

ఇంకొక్క మాట. మా వైపు వచ్చినవారు తిరుమల వెళ్లకుండా తిరిగిపోరు. ఆ ప్రయాణంలో తమరు మాత్రం కారులో ఉండకండి. కొండ మీద మద్యం నిషేధం. అలిపిరి తనిఖీలో డిక్కీ తెరిచినప్పుడు ఏ దేశపు ద్రాక్ష అని ఎవరూ అడగరు.

ఇట్లు,
అలసంద వడల పక్షాన,
ఒక చిత్తూరు వాసి