ఏం పెట్టాలన్నది పెద్దల పని, ఎంత తినాలన్నది పిల్లల పని

పిల్లల్లో స్థూలకాయాన్ని మనం చాలాకాలం డబ్బున్నవాళ్ల ఇళ్ల సమస్యగానే చూశాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో 2.1 శాతం ఉండగా, 2019-21 నాటికి 3.4 శాతమయ్యారు. అంకె చిన్నదే. అదే సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 35 శాతానికి పైగా ఉన్నారు కనుక, బిడ్డ చిక్కిపోతుందన్న భయం మన ఇళ్లలో ఊరికే పుట్టింది కాదు. అయితే తిండికి ఏ లోటూ లేని ఇళ్లలో కూడా ఇప్పటికీ ఆ భయమే పిల్లల కంచాన్ని శాసించడం దగ్గరే చిక్కు మొదలవుతోంది.

రెండేళ్ల బిడ్డకు పప్పన్నం తినిపించే తీరు గమనించండి. నాలుగు ముద్దలు తిన్నాక బిడ్డ మొహం తిప్పుకుంటుంది, పెదాలు బిగిస్తుంది. వెంటనే ఫోన్లో మరో పాట మారుతుంది, బొమ్మ చూస్తూ బిడ్డ నోరు తెరుస్తుంది, ఇంకొక్క ముద్ద లోపలికి పోతుంది. కడుపు నిండిందని శరీరం చెబుతున్న మాటను వినకుండా చేయడమే అక్కడ జరుగుతున్నది. ఆకలిని బట్టి తిని, తీరగానే ఆపేసే తెలివి పసిపిల్లలకు పుట్టుకతోనే ఉంటుంది. బతిమాలో బెదిరించో తెర చూపించో తినిపించే కొద్దీ అది మొద్దుబారుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు తెర అలవాటు చేయవద్దనీ, నాలుగేళ్ల వరకు రోజుకు గంట దాటనివ్వొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

కాబట్టి తల్లిదండ్రుల అధికారం ఉండవలసిన చోటు వేరు. ఏ వేళకు పెట్టాలి, ఏం పెట్టాలి, ఇంట్లోకి ఏం రావాలి అన్నవి పెద్దల నిర్ణయాలు. ఎంత తినాలన్నది పిల్లలకు వదిలేయాలి. మధ్యాహ్నం సగమే తిన్నాడని గంటకే బిస్కెట్ల పొట్లం విప్పితే ఈ పద్ధతి పనిచేయదు, సాయంత్రం వరకు ఆగాలి. ఇది అమ్మమ్మలకూ నానమ్మలకూ నచ్చజెప్పడం డాక్టరు వల్ల కూడా ఒక్కోసారి కాదన్నది వేరే సంగతి.

ఇంట్లోకి వచ్చేవాటిలో ముందుగా ఆలోచించవలసినవి పాలల్లో కలిపే పొడులు. ఎదుగుదలకు బలమన్న నమ్మకంతో కొంటున్న వీటిలో చాలావాటిలో చక్కెర వాటా గణనీయంగా ఉంటుంది. బోర్న్‌విటా వంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్స్’ విభాగం నుంచి తీసేయాలని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకు సూచించింది కూడా. మామూలు కూల్‌డ్రింకు 300 మిల్లీలీటర్లు తాగితే సుమారు 30 గ్రాముల చక్కెర ఒంట్లోకి చేరుతుంది. బెల్లమైతే ఫరవాలేదనుకునేవారికి ఒక మాట: లెక్కలో అదీ చక్కెరే. ఇంట్లో చేసినవన్నీ మంచివేననడం కూడా సగం నిజమే, నూనెలో వేగిన జంతికలు ఎవరి వంటింట్లోవైనా జంతికలే. ఉడికించిన శనగలు, జామకాయ, మొక్కజొన్న పొత్తు, పల్చటి మజ్జిగ సాయంత్రాలకు ధారాళంగా సరిపోతాయి.

మన భోజనంలో అసలు లోపం అన్నం గుట్టగా, కూర అంచుకు ఉండటం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం తిండి నుంచి రోజూ అందే శక్తిలో బియ్యం వంటి ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. పిల్లవాడికి మాత్రమే కూర ఎక్కువ వడ్డించి, పెద్దలు పచ్చడన్నంతో కానిచ్చే ఇంట్లో ఈ మార్పు నిలవదు.

బరువొక్కటే చూస్తే మన పిల్లల విషయంలో మోసపోతాం. కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉండటం భారతీయ శిశువుల్లో పుట్టుకతోనే కనిపిస్తుందని పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పరిశోధనలు చూపాయి. బడి వయసు పిల్లల నడుము కొలత ఎత్తులో సగానికి మించిందేమో టేపుతో చూసుకోవడం ఎవరైనా చేయగల పని.

ఇక ఆట. అయిదు నుంచి పదిహేడేళ్ల వారికి రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసే కదలిక అవసరం. కానీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అపార్టుమెంటు లాంటి భవనాల్లో, మైదానమన్నదే లేకుండా నడిచే బడులకు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో లక్షలు కట్టి పంపుతున్నది మనమే. ర్యాంకుల గురించి అన్ని ప్రశ్నలు వేసే తల్లిదండ్రులు పీటీ పీరియడ్ వారానికెన్ని, అది నిజంగా జరుగుతోందా, గణితం మాస్టారు తీసేసుకుంటున్నారా అని అడగరు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడి ఆవరణలోనూ, చుట్టూ 50 మీటర్ల పరిధిలోనూ అమ్మరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. గేటు పక్క దుకాణంలో వేలాడే చిప్స్ దండలను చూస్తే దాని అమలు అర్థమవుతుంది. పేరెంట్స్ మీటింగులో పదిమంది కలిసి అడిగితే యాజమాన్యం వినక తప్పదు. పదింటికి ట్యూషన్ హోంవర్కు ముగించి అయిదింటికి లేచే పిల్లలకు నిద్ర చాలక ఆకలి పెరుగుతుందన్నదీ ఇక్కడే గుర్తుంచుకోవాలి.

ఇప్పటికే బరువెక్కిన పిల్లలను పస్తులుంచడం, చుట్టాల ముందు ‘బండోడు’ అనడం రెండూ హానికరమే. అవమానపడిన పిల్లలు చాటుగా తినడం నేర్చుకుంటారు. ఎదిగే వయసులో చాలామందికి బరువు తగ్గించాల్సిన పని కూడా ఉండదు, ఉన్నచోట నిలిపితే ఎత్తు పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. మెడ వెనుక నల్లబడిన చర్మాన్ని మురికనుకుని సున్నిపిండితో రుద్దే తల్లులున్నారు. అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు కనుక, అలా కనిపించినా, రాత్రి గురక వినిపించినా పిల్లల వైద్యుడికి చూపించి అవసరమైన రక్తపరీక్షలు చేయించడం మేలు.