మస్తరులో లేని పేరు

శ్రీకాకుళం జిల్లా పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తే చాలు, ఆ పనిలో ఎన్నేళ్లున్నారో చెప్పేయొచ్చు. జీడి సొన తగిలి వేళ్లు నల్లబడతాయి, చర్మం ఊడుతుంది. ఆ పని చేసినట్టు ఇంకో రుజువు అడిగితేనే చిక్కు. చాలామందికి నియామక పత్రం లేదు, జీతం చీటీ లేదు. కిలోల లెక్కన కూలి చేతిలో పెడతారు, అంతే.

రాజ్యాంగం వీళ్లను మరిచిపోలేదు. జబ్బులో, ముసలితనంలో ప్రభుత్వ సాయం, ప్రసూతి సాయం, బతకదగ్గ వేతనం అన్నీ 41, 42, 43 అధికరణాల్లో ఉన్నాయి. వాటికోసం కోర్టుకెక్కే వీలు లేదని 37వ అధికరణం అంటుంది. విస్తరి వేసి వడ్డన ఆపినట్టుంది!

ఆ లోటును కొంత పూడ్చింది సుప్రీంకోర్టే. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన వెట్టేనని 1982లో, ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో తేల్చింది. 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో, ఆరోగ్యం, వైద్యం కూడా జీవించే హక్కులో భాగమేనంది. సామాజిక భద్రతను హక్కుగా గుర్తించే అంతర్జాతీయ ఒడంబడికలో మన దేశం 1979లోనే చేరింది.

అయినా పనిచేసే చోట పీఎఫ్‌ (భవిష్య నిధి)కు కనీసం 20 మంది, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా)కి 10 మంది ఉండాలన్న లెక్క అలాగే ఉంది. మానవ హక్కు అన్నాక తలలు లెక్కపెట్టడమేమిటి? 19 మంది పనిచేసే చోట పీఎఫ్ అక్కర్లేని మనుషులున్నారా? పైగా మస్తరులో, అంటే హాజరు పట్టీలో, పేర్లు ఎన్నుండాలో రాసేది యజమానే.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు నియామక పత్రం తప్పనిసరి అన్నాయి. ఇది మంచి మాటే, స్వాగతిస్తున్నాం. లేబర్ ఇన్‌స్పెక్టర్‌ను ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’గానూ (తనిఖీతో పాటు సలహా కూడా ఇచ్చే అధికారిగా) మార్చాయి. పేరు మారితే మారింది, మనిషి జీడి బట్టీ గుమ్మం దాకా రావాలి కదా.

ఊళ్లో పని దొరక్క వలసపోయేవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. 2018లో గుజరాత్ బోట్ల మీద పనిచేస్తూ పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. అన్నాళ్లూ ఇక్కడి కుటుంబాలు ఏం తిన్నాయో బోటు యజమాని ఖాతాలో ఎక్కడా ఉండదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కార్మిక శాఖను మేం కోరేది ఒక్కటే. తాను పనిచేశానని కార్మికురాలు చెబితే, కాదని రుజువు చేసే బాధ్యత యజమాని మీద పెట్టాలి. అందుకు నిబంధన మార్చాల్సి వస్తే, ఆ ప్రతిపాదనను ఇక్కడి నుంచే ప్రభుత్వానికి పంపాలి.